తొడుగు లేని చెయ్యి

మంగళవారం పొద్దున ఎండ ముదరకముందే మదార్ ఎడమ చేతికి తొడుగు ఎక్కించుకున్నాడు. లోపల దూది, దాని మీద కొబ్బరి పీచు, ఆపైన నాలుగు పొరల గోనెపట్టా. మోచేతి నుంచి మణికట్టు దాకా దబ్బనంతో దగ్గర దగ్గరగా వేసిన కుట్లు. పరుపులు కుట్టే చెయ్యి కాబట్టి ఎవరికీ పని అప్పజెప్పకుండా తనే కుట్టుకున్నాడు. నాలుగు నెలల్లో ఇది మూడోది.

పెంచలప్రసాద్ ఇంటి వెనక, మామిడి మొక్కలకీ ప్రహరీగోడకీ మధ్య ఉన్న ఖాళీ జాగాలో విజయభాస్కర్ కుక్క పట్టా పట్టుకుని నిలబడ్డాడు. అతను కావలి నుంచి బైకు మీద వచ్చే ట్రైనరు. కుక్క నల్లటి రాట్‌వైలర్, యాభై కిలోల పైమాటే. పేరు రాకెట్. అది పిల్లగా ఇంటికి వచ్చిన సాయంత్రం, మేడ మీద నుంచి శ్రీహరికోట వైపు నిప్పుకణంలా ఏదో లేవడం చూసి, ప్రసాద్ కూతురు వెన్నెల పెట్టిన పేరది.

"కానీ మదారన్నా" అన్నాడు విజయభాస్కర్.

మదార్ చెట్టు చాటు నుంచి బయటికొచ్చాడు. ఎడమ చెయ్యి పైకెత్తి, "హేయ్" అని గట్టిగా అరిచి, రెండడుగులు వెనక్కి వేసి, పక్కకి తిరిగి పరుగు తీశాడు. పట్టా వదిలిన చప్పుడు, ఆ వెంటనే నేల మీద గోళ్ల చప్పుడు వినిపించాయి. బరువు వచ్చి చేతి మీద పడింది. ఎప్పట్లాగే అతను కుడికాలు వెనక్కి తన్నిపెట్టి, పడకుండా ఆ ఊపుని నడుములోకి తీసుకున్నాడు. రాకెట్ తొడుగును నోటి నిండా పట్టుకుని ఊగింది. అతను అరిచాడు, తిట్టాడు, గింజుకున్నాడు. ఇంక చాలనిపించాక చేతిని తొడుగులోంచి జార్చేశాడు. అది గెలిచినట్టు తొడుగును కరుచుకుని తలెత్తి జాగా అంతా ఒక చుట్టు తిరిగింది. తిరిగి, నేరుగా మదార్ దగ్గరికే వచ్చి, తొడుగు అతని కాళ్ల దగ్గర పడేసి, మొండితోకను ఊపుతూ మొహంలోకి చూసింది. మళ్లీ ఆడమని.

ఇది ఎవరికీ కనబడకూడదన్నట్టు విజయభాస్కర్ గబుక్కున వచ్చి పట్టా తగిలించాడు.

వరండాలో కాఫీ తాగుతున్న ప్రసాద్ చప్పట్లు కొట్టాడు. "బాగుండాది. అయితే మా ఫ్రెండు కేన్ కోర్సో తెచ్చినాడు భాస్కరూ. దాన్ని చూస్తే మనది కుక్కపిల్ల మాదిరి ఉండాది. మనం తప్పు చేసినామా అని?"

"కోర్సో మంచిదే సార్. కానీ అది ఒక్క యజమాని మాటే వింటాది. మీరు రొయ్యల గుంటల కాడికి పోతే ఇంట్లో ఆడోళ్ల మాట వినదు. షెపర్డ్‌కి తెలివి ఎక్కువ, మన ఎండకి బొచ్చు ఊడిపోతాది. గ్రేట్ డేన్ చూపులకే. దొంగొస్తే వాడి మీద ఒరిగి నిలబడతాది. ఇంటికీ బిడ్డలకీ కలిపి కావాలంటే రాట్‌వైలరే." విజయభాస్కర్ నవ్వి మదార్ వైపు తిరిగాడు. "కావాలంటే ఈయన్ని అడగండి. అన్నీ ఆ చేతి మీద పడినయ్యే."

"చెప్పు మదారూ" అన్నాడు ప్రసాద్.

మదార్ తొడుగు దులుపుకుంటూ చెప్పాడు. "షెపర్డ్ నాలుగు చోట్ల కరస్తాదన్నా. ఇక్కడ పట్టి, వదిలి, ఇంకోచోట పడతాది. డాబర్‌మన్ పక్కనించి వచ్చి కోసేసి పోతాది. ఇది ఒకే చోట పడతాది. పట్టినాక ఇంక వదలదు. నొక్కతా ఉంటాది. చెయ్యి విరగదుగానీ తొడుగు లోపల వేళ్లు చల్లబడతాయి."

"చూసినారా" అన్నాడు విజయభాస్కర్.

ప్రసాద్ భార్య వాణి లోపలి నుంచి వచ్చి, కుక్క కిందపడుకునే చోట రాళ్లు ఒరుసుకుని దాని మోచేతులు పుండ్లు పడుతున్నాయని, దానికొక దూది పరుపు కుట్టి ఇమ్మని మదార్‌ని అడిగింది. మనుషులు దూది పరుపులు అడగడం మానేసి ఎన్నాళ్లో అయింది. గురువారానికి ఇస్తానన్నాడు.

*

గురువారం మధ్యాహ్నం పరుపు నెత్తిన పెట్టుకుని వెళ్లేసరికి ఇంట్లో అందరూ భోంచేసి పడుకున్నారు. వంట చేసే చెంచులక్ష్మి గేటు తీసి, గ్లాసుతో మజ్జిగ ఇచ్చి, గిన్నెలు తోమడానికి వెనక్కి వెళ్లింది. మదార్ వరండాలో పరుపు పరిచి, నాలుగు మూలలూ చేత్తో చరిచి సరిచేశాడు. రాకెట్ వాసన చూసి, దాని మీద మూడుసార్లు గుండ్రంగా తిరిగి, పెద్దగా ఊపిరి వదిలి పడుకుంది. తల అతని మోకాలి మీద పెట్టింది. తొడుగు లేనప్పుడు అది ఇంత బరువుగా, ఇంత మెత్తగా ఉంటుందని అతనికి తెలియదు. మజ్జిగ అయిపోయిందాకా కూర్చుని, లేచి వచ్చేశాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి విజయభాస్కర్ ఫోను చేశాడు. "అన్నా, ప్రసాద్ సార్ ఇంటికి రా. ఒక్కడివే రా."

మదార్ వెళ్లేసరికి వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. ప్రసాద్, అతని పక్కన అతని మేనమామ జయరామయ్య, మెట్ల మీద విజయభాస్కర్. వాణి గుమ్మం లోపల నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చెంచులక్ష్మి ఆమె వెనక గోడకి ఆనుకుని ఉంది. ఎవరూ కూర్చోమనలేదు. కూర్చోవడానికి అతనికి ఆ ఇంట్లో కుర్చీ ఎప్పుడూ లేదు గానీ, మెట్టు మీద చోటు ఉండేది. ఇవాళ ఆ మెట్టు మీద విజయభాస్కర్ కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"వాణి హారం కనపడలా" అన్నాడు ప్రసాద్. "కావలిలో పెళ్లికి పెట్టుకొని పోయింది. బుధవారం తెచ్చి బీరువాలో పెట్టిందంట. ఈ పొద్దు చూస్తే లేదు."

మదార్‌కి ఆ మాట తనకెందుకు చెబుతున్నారో వెంటనే అర్థం కాలేదు. "అయ్యో" అన్నాడు వాణి వైపు చూసి.

"నిన్న మధ్యాహ్నం వచ్చినావంట గదా" అన్నాడు జయరామయ్య.

"పరుపు తెచ్చినా."

"ఎంతసేపు ఉన్నావు?"

"మజ్జిగ తాగిందాకా."

"కుక్క అరవలా. బుధవారం నించి ఈ పొద్దుదాకా ఒక్కసారి కూడా అరవలేదంట. అంత మంచి కుక్క అరవలేదంటే ఏంది లెక్క? తెలిసినోడు వచ్చినాడని గదా." జయరామయ్య గొంతు ఎత్తలేదు. పొలం గట్టు తగాదా తీర్చేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడాడు.

మదార్ కళ్లు ఒక్కసారి గోడ దగ్గరికి వెళ్లాయి. కుక్కకి రెండు పూటలా తిండి పెట్టేది చెంచులక్ష్మి. ఆమెని చూసి కూడా అది అరవదు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. చెంచులక్ష్మి అతన్నే చూస్తోంది. చీరకొంగు వేళ్లకి చుట్టి బిగిస్తోంది. అతను ఆ మాటను మింగేశాడు.

"నేను తీయలేదన్నా" అన్నాడు ప్రసాద్‌తో. "కుక్క నన్ను చూసి అరవకపోవడం ఏంది? నాలుగు నెలలుగా దానికి నేనే గదా దొంగని. దాని కోపమంతా నా మీదే గదా నేర్పించినారు."

ప్రసాద్ మొహంలో కాస్త కదలిక వచ్చింది. అతనికి మదార్ మీద పగ లేదు. హారం పోయిందన్న దానికన్నా, కుక్క పని చేయలేదన్నది అతన్ని ఎక్కువ బాధపెడుతున్నట్టుంది.

"అదీ నిజమే గదా మామా."

"అయితే కుక్కనే అడుగుదాం" అన్నాడు జయరామయ్య. "స్టేషనుకి పోతే అన్నీ కొట్టి అడిగేదే. ఎందుకు ఆ గోల? నోరులేని జీవం అబద్ధం చెప్పదు. వీడు అట్ట నిలబడతాడు. కుక్కని విడవండి. మీద పడిందా, వీడు కాదు. తోకాడించిందా, ఇంక పోలీసులే."

మదార్‌కి గుండె మీద నుంచి రాయి దించినట్టయింది. "విడవండి" అన్నాడు. తనే నడిచి వెళ్లి వాకిలి మధ్యలో, వేపచెట్టు నీడ దాటి, ఎండలో నిలబడ్డాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. తొడుగు ఇంటి దగ్గర ఉంది. నిన్న మోకాలి మీద తల పెట్టినా, ఎదురుగా నిలబడితే నేర్పిందే చేస్తుంది, కరిస్తే కరవనీ, ఒక్కసారి అరిస్తే చాలు అనుకున్నాడు.

ప్రసాద్ వెనక్కి వెళ్లి తలుపు తీసి, ఫోనులో వీడియో మొదలుపెట్టాడు.

రాకెట్ పరుగెత్తుకుంటూ వచ్చింది. సగం దూరంలో మదార్‌ని చూసింది. చూడగానే పరుగు మారింది. ఒళ్లంతా వంకర్లు పోతూ, వెనకభాగం మొత్తం ఊగిపోతూ వచ్చి, అతని ఎడమ చెయ్యి వాసన చూసింది. తొడుగు లేదు. కుడి చెయ్యి చూసింది. అతని వెనక్కి వెళ్లి వెతికింది. ఎక్కడా కనబడక, ముందుకాళ్లు నేలకి వంచి, నడుము పైకెత్తి, చిన్నగా కుయ్‌మంది. మంగళవారాల్లో తొడుగు తెచ్చి పడేశాక అది పిలిచే పిలుపు అది.

"హూ" అన్నాడు జయరామయ్య.

మదార్ కుక్కకేసి కాదు, విజయభాస్కర్‌కేసి చూశాడు. అతనికి తెలుసు. ఈ ట్రైనింగంతా ఆట అని, కుక్క కరిచేది తొడుగునే గానీ మనిషిని కాదని, తొడుగు వేసుకునే వాడంటే కుక్కకి పగ కాదు ప్రాణమని అతనికి తెలుసు. నిజంగా మనుషుల మీదికి పోయేట్టు నేర్పాలంటే ఇంకో ఆరు నెలలు పడుతుందని, అన్నాళ్లు ఎవరూ ఆగరని టీ బంకు దగ్గర తనతో అన్నది అతనే.

"నువ్వు చెప్పు భాస్కరా" అన్నాడు మదార్.

విజయభాస్కర్ మెట్టు మీద నుంచి లేచాడు. ప్రసాద్ కూడా అతని వైపు తిరిగాడు. విజయభాస్కర్ ఆ ఇద్దరిలో ప్రసాద్‌ని చూశాడు.

"నా ట్రైనింగ్‌లో లోటు లేదు సార్" అన్నాడు. "ఇంకేం జరిగిందో నాకు తెలవదు."

జయరామయ్య జేబులోంచి ఫోను తీశాడు. వాణి గుమ్మంలోంచి తల పక్కకి తిప్పుకుంది. రాకెట్ ఇంకా వంగే ఉంది. దాని కళ్లు అతని ఎడమ చేతి మీద ఉన్నాయి.

మదార్‌కి ఆ కుక్కలో ఏ మీట నొక్కితే ఏం జరుగుతుందో ఆ వాకిట్లో అందరికన్నా బాగా తెలుసు. అతను ఒకడుగు వెనక్కి వేశాడు. ఎడమ చెయ్యి పైకెత్తాడు. "హేయ్" అని అరిచాడు. పక్కకి తిరిగి పరుగెత్తాడు.

గోళ్ల చప్పుడు వినిపించింది. ఈసారి కాలు వెనక్కి తన్నిపెట్టడం అతనికి కుదరలేదు. పట్టు మోచేతి కింద పడింది. నేర్పినట్టే ఒకే చోట, నోటి నిండా. అతను మోకాళ్ల మీద పడ్డాడు. ఏదో చిరిగిన చప్పుడైంది. అది గోనెపట్టా కాదు. రాకెట్ నొక్కబోయి ఆగింది. దాని దవడల మధ్య ఉన్నది ఇన్నాళ్లూ ఉన్నది కాదని దానికి తెలిసింది. ఎవరూ వదలమనకుండానే వదిలేసింది. చెవులు వెనక్కి పోయాయి. కాస్త వెనక్కి జరిగి, మళ్లీ ముందుకొచ్చి, కారుతున్న రక్తాన్ని నాకడానికి నాలుక చాపింది.

నాకితే అయిపోతుంది. అంతా చూస్తున్నారు. మదార్ కాలెత్తి దాని రొమ్ము మీద బలంగా తన్నాడు. "ఫో" అన్నాడు. అది కుయ్యోమని పక్కకి పడింది. లేచి మళ్లీ వచ్చింది. మళ్లీ తన్నాడు.

విజయభాస్కర్ వచ్చి పట్టా వేసి లాక్కుపోయాడు.

"చూసినావా మామా" అంటున్నాడు ప్రసాద్. గొంతులో ఊపిరి తిరిగి వచ్చింది. "మొదట వాసన చూసింది. ఆలోచన చేసింది. తర్వాత పట్టింది. అదీ రాట్‌వైలర్ అంటే."

"వీడు కాదులే" అన్నాడు జయరామయ్య ఫోను జేబులో పెట్టుకుంటూ.

చెంచులక్ష్మి అప్పటికే చెంబుతో నీళ్లు, బట్టల సబ్బు పట్టుకుని వచ్చింది. కొళాయి దగ్గర కూర్చోబెట్టి గాయాన్ని కడిగి కడిగి నీళ్లు పోసింది.   ప్రసాద్ కారు తీసి ఆసుపత్రి దాకా దింపాడు. దిగేటప్పుడు, "వీధి కుక్క అని చెప్పు మదారూ, లేకపోతే కేసూ అదీ అంటారు" అన్నాడు.

నర్సు గాయాన్ని చూసి, "ఏం కుక్క?" అంది.

"వీధి కుక్కమ్మా."

"వీధి కుక్క అయితే ఇన్ని పళ్లు ఒకే చోట దిగవే" అంది. అని, సూదిలోకి మందు ఎక్కించింది.

*

సోమవారం రెండో సూదికి వెళ్లి వచ్చేసరికి వీధి మొదట్లో బైకు పెట్టుకుని విజయభాస్కర్ నిలబడి ఉన్నాడు. చేతిలో బత్తాయిల కవరు. మదార్ ఆగలేదు. అతను పక్కనే నడిచాడు.

"నువ్వు చెయ్యెత్తినావు. నేను చూసినా" అన్నాడు విజయభాస్కర్ చిన్నగా.

"నువ్వు నోరెత్తలా. నేనూ చూసినా."

 "నేను నిజం చెప్పుంటే నా పని పోయుండేది మదారన్నా" అన్నాడు విజయభాస్కర్ నాలుగిళ్లు దాటాక. "నాకు తొమ్మిది ఇళ్లు ఉండాయి. అన్నింట్లో కుక్కలకీ అదే నేర్పినా."

"అన్నింట్లో దొంగని నేనే గదా."

"అది కాదన్నా, ప్రసాద్ సార్ ఆ వీడియో అందరికీ పంపినాడు. మొన్నటి నుంచి నాకు ఫోన్ల మీద ఫోన్లు. చెయ్యి తగ్గినాక చొక్కా లోపల కనపడకుండా వేసుకునే పల్చటి తొడుగు ఒకటి కుట్టుకో. చూసేవాళ్లకి ఉత్త చెయ్యి మాదిరే ఉండాల."

ఇంటి గుమ్మంలో మెహబూబున్నీసా నిలబడి అంతా వింది. భర్త చేతికున్న కట్టుని, బత్తాయిల కవరుని, విజయభాస్కర్‌ని వరసగా చూసింది.

"చొక్కా లోపల ఆయన చెయ్యే ఉండాది నాయనా" అంది. "ఇంకేం పట్టదు. నువ్వు పో."

బత్తాయిలు అరుగు మీద పెట్టి అతను వెళ్లిపోయాడు. అవి అక్కడే ఉన్నాయి. సాయంత్రానికి వీధిలో మేకలు తిన్నాయి.

ఆ రాత్రి మెహబూబున్నీసా సగంలో ఆగిపోయిన బొంతని ఒళ్లో వేసుకుని కూర్చుంది. గుడ్డని బిగించి పట్టాల్సిన ఎడమ చేతి వేళ్లు మదార్‌కి మూసుకోవడం లేదు. ఆమె పట్టింది, అతను కుడి చేత్తో కుట్టాడు. రెండు వరసలు అయ్యాక ఆమె అడిగింది.

"కరవకుండా ఉండుంటే ఏం చేసేవాళ్లు?"

"పోలీసులకి చెప్పేవాళ్లు."

"చెప్పనీ. నువ్వు తీయలా గదా."

మదార్ దారం కొరికి తుంచాడు.  తీయకపోవడం అనేది ఎవరూ చూడగలిగినది కాదు. కరవడం అందరూ చూశారు.

*

శుక్రవారం మూడో సూది వేయించుకుని, నమాజు అయ్యాక, అతను తనంతట తనే ప్రసాద్ ఇంటికి బయల్దేరాడు. హారం సంగతి ఏమైందో వాళ్ల నోటే వినాలనిపించింది. వీధిలో ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. కరిచిందంటే నువ్వు కాదనే గదా అని ఒకరు, అసలు నిన్నెందుకు పిలిచారని ఇంకొకరు.

గేటు దగ్గర అలికిడికి వాణి బయటికొచ్చింది. అతన్ని చూసి ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగింది. తర్వాత మెట్లు దిగి దగ్గరికి వచ్చింది.

"చెయ్యి ఎట్టుంది మదారూ?"

"తగ్గతా ఉండాదమ్మా. హారం..."

"దొరికింది." ఆమె నేలకేసి చూస్తూ చెప్పింది. "కావలిలో మా అమ్మ కాడే ఉండాది. బస్సులో వద్దని ఆమె సంచిలోంచి తీసి పెట్టిందంట. నేను చూసుకోలా. ఖాళీ పెట్టె తెచ్చి బీరువాలో పెట్టినా."

"ఎప్పుడు తెలిసిందమ్మా?"

 "శనివారం" అంది.

అంటే మర్నాడే. అతను ఆసుపత్రి నుంచి వచ్చి, జ్వరంతో మంచం మీద పడుకున్న రోజు. ఆ తర్వాత ఆరు రోజులు.

అప్పుడే లోపలి నుంచి ప్రసాద్ వచ్చాడు. "ఆ, రా మదారూ. చెప్పి పంపిద్దామనే అనుకున్నా" అన్నాడు. అతని గొంతులో దాపరికం లేదు. "అయినా నువ్వు కాదని కుక్కే తేల్చేసింది గదా. ఇంక హారం దొరికిందని నీకు చెప్పేదేముంది? నీకు దాంతో పనేముంది?"

 ఆ మాటలో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం మదార్‌కి చేతకాలేదు.

"అదీగాక దాన్ని గుంటల కాడికి పంపించేస్తున్నా" అన్నాడు ప్రసాద్ ఇంటి పక్కకి చూపిస్తూ. "రక్తం చూసిన కుక్క, వెన్నెల ఆడుకునే చోట వద్దంటాది వాణి. కోర్సో పిల్లకి చెప్పినా. అది వచ్చినాక నువ్వు మళ్లీ రావాల. నువ్వు చెయ్యి పట్టించుకున్నట్టు ఇంకెవురు పట్టించుకుంటారు?"

ఇంటి పక్క కొత్తగా ఇనప బోను వేసి ఉంది. రాకెట్ అందులో పడుకుని ఉంది. పరుపు లేదు. సిమెంటు నేల. మదార్ ఆ వైపు నడిచాడు. ప్రసాద్ వద్దనలేదు.

బోను ముందు గొంతుక్కూర్చుని, "రాకెట్" అన్నాడు మెల్లగా.

కుక్క తలెత్తింది. అతన్ని చూసి లేచింది. లేచి ముందుకి రాలేదు. వెనక్కి నడుస్తూ మూలకి పోయి, వీపు కడ్డీలకి ఆనించింది. పెదవి పైకి లేచి పళ్లు కనబడ్డాయి. ఇన్ని మంగళవారాల్లో అతను ఎప్పుడూ వినని గుర్రుమనే చప్పుడొకటి దాని రొమ్ములోంచి, అతను తన్నిన చోటు నుంచి, పైకి వచ్చింది. అతను కుడి చెయ్యి కడ్డీల దగ్గరికి చాపాడు. అది అరిచింది. ఆట అరుపు కాదు. మెడ నరాలు బిగిసి, నురగ చింది, ఆపకుండా, ఊపిరికి కూడా ఆగకుండా అరిచింది.

"అదీ" అన్నాడు ప్రసాద్ వెనక నుంచి, సంతోషంగా. "ఇప్పుడు సరిగ్గా పని చేస్తా ఉండాది. అనవసరంగా పంపిస్తున్నామేమో వాణీ."

మదార్ చెయ్యి తీయలేదు. ఇంకోసారి పేరు పెట్టి పిలిచాడు. అరుపుల్లో అది అతనికే వినబడలేదు. ఎంతసేపు అట్లా కూర్చున్నాడో, వంటింటి వైపు నుంచి చెంచులక్ష్మి వచ్చి అతని పక్కన నిలబడింది.

"లెయ్యి మదారన్నా" అంది. "నువ్వు ఉన్నంతసేపూ అది ఆపదు."

అతను లేచాడు. కట్టు ఉన్న చేతిని కుడి చేత్తో పట్టుకుని వాకిలి దాటి, గేటు బయటికి వచ్చి, గడియ వేశాడు. గడియ పడిన చప్పుడుకి కుక్క అరుపు ఆగిపోయింది. లోపల ప్రసాద్ దానికి బిస్కెట్లు తెమ్మని కేకేస్తున్నాడు.